మీనాయీ పళ్ళెం: తెల్లని గ్లేజు మీద కాషాన్ రంగులు, బంగారం

చిన్న ఎలక్ట్రిక్ కిల్న్ (కాల్చే బట్టీ) అందుబాటులో ఉన్నవారు, అంగడిలో కొన్న తెల్లని పింగాణీ పళ్ళెం మీద మధ్యయుగపు ఇరాన్ కుమ్మరుల తీరులో బొమ్మ గీసి, రంగులు నింపి, బంగారం పెట్టి, మూడు విడతలుగా కాల్చి పూర్తి చేసుకొనే విధానాన్ని ఈ వ్యాసంలో వివరిస్తున్నాను. విశాఖపట్నంలో సముద్రానికి రెండు వీధుల దూరంలో ఉన్న ఇంట్లో చేస్తూ నేర్చుకొన్న పని కనుక, గాలిలోని తేమ ప్రస్తావన ఇందులో మాటిమాటికీ వస్తుంది. లోతట్టు ఊళ్ళవారు ఆ భాగాలను దాటవేయవచ్చు. పూర్తయిన పళ్ళెం గోడకు తగిలించుకోవడానికి, అల్మారాలో నిలబెట్టుకోవడానికి మాత్రమే పనికివస్తుంది. ఈ రంగులలో కొన్నింటిలో సీసం, కాడ్మియం ఉంటాయి కనుక అందులో తినే పదార్థం ఏదీ వడ్డించకూడదు.

ఆ పాత్రల్లో రంగు ఎక్కడ ఉంటుంది

పారశీకంలో మీనా అంటే గాజురంగు. నగల దుకాణాల్లో మనం వినే మీనాకారీ అనే మాటలో ఉన్నదీ ఇదే. ఈ పాత్రలను మీనాయీ అని పిలవడం తరువాతి కాలపు అలవాటు. ఇరాన్‌లోని కాషాన్ పట్టణంలో తరతరాలుగా కుమ్మరిపని చేసిన కుటుంబానికి చెందిన అబుల్ ఖాసిం 1301లో రాసిన గ్రంథంలో వాడిన మాట ‘హఫ్త్ రంగ్’, అంటే ఏడు రంగులు. తేదీ వేసి ఉన్న మీనాయీ పాత్రల్లో తొలినాటివి 1180ల నాటివి. వాటిలో అబూ జైద్ అనే కుమ్మరి సంతకం చేసినవి ఉన్నాయి. 1220 ప్రాంతంలో మంగోలుల దండయాత్రలతో ఈ పని దాదాపు ఆగిపోయింది. అంటే మొత్తం మీద నలభై యాభై ఏళ్ళు సాగిన కళ ఇది.

ఇప్పుడు ప్రపంచంలోని పెద్ద మ్యూజియంలలో కనిపించే మీనాయీ పాత్రల్లో చాలావరకు ముక్కలను అతికించినవి. ఇరవయ్యవ శతాబ్దపు వ్యాపారులు వేర్వేరు గిన్నెల ముక్కలను ఒక్కటిగా కూర్చి, అతుకుల మీద కొత్త రంగు పులిమి అమ్మినవీ వాటిలో ఉన్నాయి. కాబట్టి నమూనా కోసం మీరు ఎంచుకొనే ఫోటోలో ఒక గుర్రం ముఖం మిగిలిన గుర్రాల ముఖాలకంటే మొద్దుగా, గీత బలహీనంగా కనిపిస్తే, దాన్ని అనుకరించకండి. అది తరువాతి చేయి కావచ్చు. న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం తన దగ్గరున్న పాత్రల ఫోటోలలో చాలావాటిని ఎవరైనా వాడుకోవడానికి ఉచితంగా ఉంచింది. సింహాసనం మీద ప్రభువు, చుట్టూ రౌతులు ఉన్న గిన్నె, బహ్రాం గూర్ అనే రాజు, ఆయన వాద్యకారిణి ఆజాదా ఒకే ఒంటె మీద ఉన్న గిన్నె అక్కడివే. ఈ రెండింటినీ పెద్దవి చేసి చూసుకొంటే చాలు.

చూసేటప్పుడు ఒకే ఒక ప్రశ్న వేసుకోవాలి: ఈ రంగు గ్లేజు (పాత్ర మీది గాజుపూత) లోపల ఉందా, పైన ఉందా? కాషాన్ కుమ్మరి తగరంతో తెల్లగా, కాంతి చొరకుండా చేసిన గ్లేజు పూసి, అందులోనే కోబాల్ట్ నీలాన్ని, రాగి ఇచ్చే ఫిరోజా రంగును పెట్టి, ఎక్కువ వేడిలో మొదటిసారి కాల్చేవాడు. ఆ వేడిని తట్టుకొనే రంగులు కొన్నే. ఎరుపు, నలుపు, తెలుపు, గులాబి వంటి వాటిని అప్పటికే కాలి చల్లారిన గ్లేజు మీద పూసి, రెండోసారి తక్కువ వేడిలో కాల్చేవాడు. బంగారం అన్నిటికంటే పైన, అన్నిటికంటే చివర. లోపలి నీలం అంచులు తడిసిన కాగితం మీద సిరాలాగా కొద్దిగా పాకి ఉంటాయి. పైని ఎర్రగీత మాత్రం సూదితో గీసినట్లు నిలుస్తుంది. ఈ మూడు అంతస్తుల తేడా కంటికి అలవాటైతే, తరువాత మీరు చేయవలసిన పనుల వరుస దానంతట అదే తెలిసిపోతుంది: ఎక్కువ వేడి అడిగేది ముందు, తక్కువ వేడి అడిగేది వెనుక. వరుస తప్పితే ముందు వేసిన రంగు రెండోసారి కరిగి మాసిపోతుంది.

పళ్ళెం ఎంపిక

అసలు పాత్రల ఒళ్ళు మనం ఎరిగిన మట్టిది కాదు. అబుల్ ఖాసిం చెప్పిన పాళ్ళు ఇవి: పది వంతులు పలుగురాయి పొడి, ఒక వంతు గాజు, ఒక వంతు తెల్లమట్టి. చైనా పింగాణీలోని తెల్లదనం ఇరాన్ కుమ్మరిని ఊరించింది. పింగాణీ చేసే మట్టి అక్కడ లేదు. అందుకని రాతిపొడిని గాజుతో అతికించి తెలుపును సాధించారు. ఈ మిశ్రమం సారె మీద మన కుండమట్టిలాగా లేవదు, వేళ్ళ కింద ఇసుకలాగా జారిపోతుంది. తొలి ప్రయత్నంలోనే దీనికి దిగవద్దని నా సలహా.

ఇక్కడి బీచ్ ఇసుకతో ఈ మిశ్రమం చేయవచ్చా అని అడిగేవారు ఉంటారు. కుదరదు. విశాఖ, భీమిలి మధ్య తీరపు ఇసుకలో నల్లని ఇల్మనైట్, ఎర్రని గార్నెట్ రేణువులు కలిసి ఉంటాయి. ఒడ్డున నల్లటి చారలుగా పేరుకొని కనిపించేవి అవే. ఇనుము ఉన్న ఆ రేణువులు కాల్పులో తెల్లని ఒంటిని మచ్చలమయం చేస్తాయి. ఎర్రమట్టి దిబ్బల జోలికి అసలే పోకూడదు. అది రక్షిత భూవారసత్వ స్థలం.

కనుక అంగడి పళ్ళెమే మేలు. పూర్ణా మార్కెట్ పరిసరాల్లోని పాత్రల దుకాణాల్లో గాని, మరెక్కడైనా గాని, బొమ్మలు లేని, అంచు గీత లేని, 20 నుంచి 25 సెంటీమీటర్ల వెడల్పున్న తెల్లని పళ్ళాన్ని తీసుకోండి. వెలుతురుకు ఎదురుగా ఏటవాలుగా పట్టి, గ్లేజులో సూదిమొన గుంటలు లేవని చూసుకోండి. వేలి కణుపుతో కొట్టినప్పుడు ఖంగుమని మోగాలి. బొంగురుగా పలికితే లోపల బీట ఉన్నట్లు. ఇంట్లో ఏళ్ళ తరబడి వాడిన పళ్ళెం వద్దు. గ్లేజులోని సన్నని చీలికల గుండా లోపలికి ఇంకిన నీరు, నూనె కిల్న్ వేడికి బయటకు తన్ని, ఉపరితలమంతా నల్లని చుక్కలు లేస్తాయి. అదే దుకాణంలో స్నానాల గది గోడలకు వేసే తెల్లని టైల్ కూడా ఒకటి కొని, నాలుగు ముక్కలు చేయించుకోండి. ప్రతి రంగునూ ముందు దాని మీద కాల్చి చూసుకోవాలి. పొడిగా ఉన్నప్పుడు కనిపించే రంగుకు, కాలిన తరువాతి రంగుకు చాలాసార్లు పోలికే ఉండదు.

గీత

వాషింగ్టన్‌లోని ఫ్రీర్ గ్యాలరీలో దాదాపు 12 సెంటీమీటర్ల ఎత్తున్న ఒక మీనాయీ లోటా ఉంది. దాని చుట్టూ మూడు వరుసల చిన్న చిన్న గళ్ళలో ఇరాన్ ఇతిహాస కావ్యం షానామాలోని బీజన్, మనీజాల ప్రేమకథ మొత్తం నడుస్తుంది. ఆ కావ్యానికి బొమ్మలతో కూడిన రాతప్రతులు మనకు దొరుకుతున్నది 1300 ప్రాంతం నుంచే కనుక, ఈ కథకు బొమ్మలు ముందుగా మట్టిపాత్రల మీదే మిగిలాయన్నమాట. గుప్పిట్లో పట్టే వస్తువు మీద అంత కథ ఇమడటానికి కారణం రంగులు కావు, గీత. ముఖం గుండ్రని చందమామ, కళ్ళు సన్నని రెండు గీతలు, నోరు ఒక చుక్క, తల వెనుక కాంతివలయం, భుజాల మీదికి జారిన జడలు, చేతి మీద పట్టీ ఉన్న అంగీ. ఒక్కొక్క మనిషికి ఇరవై గీతలకంటే ఎక్కువ పట్టవు.

మొదటి పళ్ళానికి మధ్యలో ఒక చెట్టు, దానికి అటూ ఇటూ ఎదురెదురుగా ఇద్దరు రౌతులు అనే ఏర్పాటును తీసుకోండి. ఇది ఆ పాత్రల్లో మళ్ళీ మళ్ళీ కనిపించే కూర్పు. వృత్తలేఖినితో కాగితం మీద పళ్ళెం కొలతకు వలయం గీసి, ముగ్గుకు చుక్కలు పెట్టుకొన్నట్లుగా అంచును ముందు సమభాగాలుగా పంచుకోండి. ఎనిమిది భాగాలు చేతికి సులువు. అంచు చుట్టూ అక్షరాల పట్టీ ఉంటే పళ్ళానికి అందమే, కాని మీకు అరబ్బీ లిపి చదవడం రాకపోతే ఫోటోలో ఉన్న అక్షరాలను చూసి గీయకండి. అది ఏ దువా అయినా కావచ్చు, ఏ ప్రేమపద్యమైనా కావచ్చు, ఒక చుక్క తప్పితే అర్థమే మారిపోవచ్చు. ఆనాటి కుమ్మరులు కూడా ఎన్నో పాత్రల అంచున నిజమైన అక్షరాలకు బదులు, అక్షరాల్లా కనిపించే నిలువు గీతలూ ముళ్ళూ మాత్రమే వేశారు. ఆ సంప్రదాయాన్నే పాటిస్తే సరిపోతుంది.

పళ్ళాన్ని సబ్బునీటితో కడిగి, ఆరాక స్పిరిట్‌లో ముంచిన గుడ్డతో తుడిచి, ఆ తరువాత ముఖభాగాన్ని వేళ్ళతో తాకకుండా అంచులనే పట్టుకోవాలి. కాగితం వెనుక పెన్సిల్ ములుకును రుద్ది, పళ్ళెం మీద పరిచి, గీతల వెంబడి అద్దండి. ఈ పెన్సిల్ గీత కాల్పులో ఆనవాలు లేకుండా పోతుంది.

ఇక అసలు నల్లగీతకు చైనా పెయింట్ అనే పేరుతో అమ్మే పొడిరంగులలో నలుపును తీసుకోండి. దీన్ని నూనెలో కాక పంచదార నీటిలో నూరాలి; పని అంతటిలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం ఇది. గాజుపలక మీద పావు చెంచా నల్లపొడి పోసి, దానిలో పదో వంతు మెత్తని పంచదార పొడి కలిపి, రెండు మూడు చుక్కల నీళ్ళు వేసి, వంగే చాకుతో పది నిమిషాలు నూరండి. గరగర శబ్దం ఆగిపోయి, చాకు కింద ముద్ద పట్టులాగా జారినప్పుడు మరికొంత నీరు చేర్చి సిరాగా చేసుకొని, ఉక్కు పాళీతో గీయాలి. పంచదార ఆరగానే గీత గట్టిపడుతుంది. దాని మీద నూనెలో కలిపిన రంగు వేసినా చెదరదు, ఎందుకంటే పంచదార నూనెలో కరగదు. మామూలు పద్ధతిలో నల్లగీతను ఒకసారి కాల్చుకొని తరువాత రంగులు వేయవలసి వస్తుంది. ఇలా చేస్తే ఒక కాల్పు ఆదా అవుతుంది.

అయితే మన ఊళ్ళో వానాకాలంలో ఈ పంచదార గీత ఆరినట్లే ఆరి, సాయంత్రానికి మళ్ళీ చెమర్చుతుంది. కలంకారీ అద్దే మచిలీపట్నం వారికి బట్ట ఆరబెట్టడంలో ఎదురయ్యే బాధే ఇది. గీసిన పళ్ళాన్ని టేబుల్ లైటు కింద అరగంట ఉంచి, ఆ వెచ్చదనం తగ్గకముందే రంగులు వేయడం మొదలుపెట్టండి. నేనైతే గీత పనిని డిసెంబరు, ఫిబ్రవరి మధ్యకు దాచుకొంటాను. పాత ఊరి వైపు ఉండేవారు కిటికీలు కూడా మూసుకోవాలి. అక్కడ బాల్కనీ గోడ మీద పడే నల్లని ధూళి తడిరంగు మీద పడితే, కాల్చాక అది తెల్లని గుర్రం ఒంటి మీద శాశ్వతంగా ఉండిపోతుంది. మీనాయీ గుర్రాలకు చుక్కలు ఉండేవే కదా అని సరిపెట్టుకోవడం తప్ప అప్పుడు చేయగలిగింది లేదు.

రంగులు, మొదటి రెండు కాల్పులు

నింపే రంగులను లవంగ నూనెతో కలపండి. కిరాణా కొట్టులోనూ మందుల దుకాణంలోనూ దొరికేదే చాలు. లవంగ నూనె ఆలస్యంగా ఆరుతుంది కనుక కుంచె జాడలు వాటంతట అవి సర్దుకొంటాయి. మరీ ఆలస్యమైతే ఒక చుక్క టర్పెంటైన్ చేర్చాలి. పొడి, నూనె కలిసిన ముద్ద చాకు మీద నిలవాలి, కారకూడదు. నూనె ఎక్కువైతే కాల్పులో రంగు పొక్కులు పొక్కుతుంది. పొడిని నూరేటప్పుడు ముక్కుకు మాస్కు తప్పనిసరి. వంటింటి చెంచాలు, గిన్నెలు ఈ పనికి వాడకూడదు. పిల్లలను దూరంగా ఉంచాలి.

మొదటి కాల్పుకు నీలం, ఫిరోజా, ఆకుపచ్చ, ఊదా రంగులను నల్లగీతతో పాటు వేయాలి. అసలు పాత్రల్లో నీలం గ్లేజు లోపల ఉంటుందని చెప్పాను. అంగడి పళ్ళెం మీద అది మనకు సాధ్యం కాదు. ఆ మెత్తదనం తీసుకురావడానికి నీలాన్ని పల్చగా పూసి, అంచును ఆరకముందే పొడి కుంచె కొనతో బయటికి ఒక్క వెంట్రుక మందం లాగండి. నల్లగీత నుంచి నీలం కాస్త బయటికి పొంగినట్లు ఉంటేనే అది కాషాన్ నీలంలా కనిపిస్తుంది. గీత లోపల పొందికగా నింపితే పిల్లల రంగుల పుస్తకంలా తేలిపోతుంది. రంగు ఎక్కడా మందంగా ఉండకూడదు. నీలం చాలదనిపిస్తే ఇంకో కాల్పు అయినా ఫరవాలేదు కాని, మందపు పూత చల్లారేటప్పుడు పెచ్చులూడుతుంది. మనుషుల అంగీలను ఒకదాని పక్కన ఒకటి వేరు రంగులతో నింపి, ముఖాలనూ నేలనూ పళ్ళెం తెలుపుగానే వదిలివేయండి. మీనాయీ పాత్రకు ఆ వెలుగు వచ్చేది ఈ ఖాళీ నుంచే. మొదటిసారి చేసేవారు సాధారణంగా దీన్నే నింపేస్తారు.

చిన్న కిల్న్‌కు సైతం 16 ఆంపియర్ల ప్లగ్గు, దానికి వేరే వైరు కావాలి. సొంతంగా లేనివారు మట్టిపని నేర్పే స్టూడియోలను అడిగి, వాళ్ళ కాల్పులో చోటు తీసుకోవచ్చు. అయితే అవి సాధారణంగా 1000 డిగ్రీలు దాటించే బట్టీలు కనుక, మీ పళ్ళాన్ని వాళ్ళ కుండలతో కలిపి పెట్టనివ్వకండి. మీకు కావలసింది 780 నుంచి 800 డిగ్రీల సెల్సియస్. మూతను వేలెడు సందు తెరిచి ఉంచి, గంటకు 100 డిగ్రీల చొప్పున 450 వరకు పోనివ్వండి. ఈలోగా నూనె, పంచదార కాలి పొగగా పోతాయి. గది కిటికీలు తెరిచి, మీరు బయట ఉండాలి. పొగ వాసన ఆగాక మూత మూసి, గంటకు 150 డిగ్రీల చొప్పున పైకి తీసుకువెళ్ళి, పది నిమిషాలు నిలిపి, కరెంటు తీసేయండి. కిల్న్ 100 డిగ్రీల లోపుకు దిగేదాకా మూత ముట్టకూడదు. కాషాన్‌లో పాత్రలను ఆవంలో పన్నెండు గంటలు కాల్చి, వారం తరువాత గాని బయటకు తీసేవారు కారని అబుల్ ఖాసిం రాశాడు. మనకు ఒక రాత్రి ఓపిక చాలు.

ఎరుపు సంగతి వేరు. మీనాయీ ఎరుపు ఇనుము నుంచి వచ్చినది. ఎక్కువ వేడిలో అది గోధుమరంగుకు తిరుగుతుంది. ఇప్పటి చైనా పెయింట్ ఎరుపుల్లోనూ ఇనుప ఎరుపును అడిగి తీసుకోండి. కాడ్మియం ఎరుపు మిగతా రంగులకు తగిలిన చోట నల్లబడుతుంది. రెండో విడతలో ఎర్రగీతలు, ఎర్రని పాగాలు, గుర్రపు జీను అంచులు, గులాబి ఉంటే గులాబి వేసి, 740, 760 డిగ్రీల మధ్య కాల్చండి. టైల్ ముక్క మీద ముందుగా చూసుకోకుండా ఈ విడతకు దిగవద్దు.

బంగారం

అబుల్ ఖాసిం రాసిన బంగారపు పద్ధతి ఇలా ఉంటుంది: ఒక మిస్కాల్ మేలిమి బంగారాన్ని, అంటే నాలుగు గ్రాములకు కాస్త పైబడిన తూకాన్ని, మధ్య మధ్య జిప్సం పూసిన కాగితాలు ఉంచి ఇరవైనాలుగు రేకులుగా సాగగొట్టాలి, వాటిని కత్తెరతో కావలసిన ఆకారాలుగా కోసి, సన్నని కలంతో జిగురు రాసిన చోట అంటించి, దూదితో నునుపు చేయాలి. మన తినుబండారాల మీద వరక్ అద్దే చేతికి ఈ పని వింతగా ఉండదు.

ఈ రోజు చేసేవారికి రెండు దారులు. మొదటిది బ్రైట్ గోల్డ్ అనే ద్రవబంగారం. చిన్న సీసాలో ముదురు గోధుమరంగు పాకంలాగా ఉంటుంది. కాలిన తరువాతే పసుపు మెరుపు కనిపిస్తుంది. ఇది పూసిన చోట గ్లేజు మచ్చలేకుండా శుభ్రంగా ఉండాలి. మందంగా పూస్తే పొక్కి చిట్లుతుంది. పల్చగా పూస్తే ఊదారంగు మరకగా మిగులుతుంది. టీ డికాషన్ రంగు ఎంత ముదురుగా కనిపిస్తుందో, గ్లేజు మీద పూత అంత ముదురుగా ఉండాలి. నా మూడో పళ్ళానికి జూలై నెలలో బంగారం పెట్టాను. తడిచేత్తో పళ్ళాన్ని తిప్పుతుండగా బొటనవేలు ఆనిన చోటు కంటికి కనిపించలేదు. 720 డిగ్రీల దగ్గర కాల్చి, మర్నాడు ఉదయం మూత తెరిచేసరికి, రౌతు ముఖం పక్కన తెల్లని నేల మీద నా వేలిముద్ర గీతలు గీతలుగా, లేత ఊదారంగులో అచ్చుపడి ఉంది. వేలికి అంటిన బంగారపు పొర అంత పల్చనిది మరి. ఆ పళ్ళెం ఇప్పటికీ నా బల్ల పక్కన ఉంది. అప్పటి నుంచి బంగారం పెట్టేటప్పుడు ఎడమచేతికి నూలు తొడుగు వేసుకొంటున్నాను.

బంగారపు కాల్పు 700 నుంచి 730 డిగ్రీల మధ్య ఉండాలి. సీసా మీద వేరే అంకె ఉంటే దాన్నే పాటించండి. 450 వరకు మూత తెరిచే ఉంచాలి. పొగ లోపలే చిక్కితే బంగారం మబ్బుపట్టినట్లు తేలుతుంది.

రెండో దారి నిజమైన రేకు. మీనాయీ కంటే ఇది లాజ్‌వర్దీనా అనే తరువాతి తరం పాత్రలకు తగినది. లాజ్‌వర్ద్ అంటే మన వైద్యగ్రంథాల్లో రాజావర్తం అని చెప్పే నీలిరాయి. మంగోలు ప్రభువుల కాలంలో, ముదురు నీలం లేదా ఫిరోజా గ్లేజు మీద తెలుపు, ఎరుపు గీతలు వేసి, కోసిన బంగారపు రేకు ముక్కలను అంటించారు. 1270లలో అబాకా ఖాన్ తఖ్త్-ఇ-సులైమాన్‌లో కట్టించిన రాజభవనపు పలకల మీద డ్రాగన్లు, సీముర్గ్ పక్షులు ఇలా బంగారంలో మెరిశాయి. బొమ్మ గీయడం రానివారు, నిజానికి, ఇక్కడి నుంచే మొదలుపెట్టవచ్చు. ముదురు నీలపు గ్లేజు టైల్ ఒకటి తీసుకొని, ఎరుపు, తెలుపు చైనా పెయింట్లతో ఎనిమిది కోణాల నక్షత్రాన్ని గీసి కాల్చుకోండి. బంగారం వచ్చే గళ్ళను ముందే ఎర్రగీతతో చుట్టివేయాలి. రేకు అంచు ఎంత వంకరగా కోసినా ఆ గీత సర్దేస్తుంది, పాతవారి తెలివి కూడా అదే.

రేకు సాధారణంగా ఇరవైఐదు ఆకుల చిన్న పుస్తకంగా వస్తుంది. చవకగా దొరికే ఇత్తడి రేకును ససేమిరా కొనకండి; సముద్రపు గాలికి ఏడాది తిరగకుండానే అది నల్లబడి, అంచుల్లో పచ్చని చిలుము పడుతుంది. రేకు పట్టుకోవడం నాకు నేర్పినది కురుపాం మార్కెట్‌లో నగల మీద మెరుగు పెట్టే ఒక పెద్దాయన. నేను పుస్తకం తెరవబోతుంటే చెయ్యి అడ్డుపెట్టి, “ఫ్యాను కట్టెయ్యండమ్మా ముందు. రేకు గాలికే కాదు, మీ ఊపిరికి కూడా లేచిపోద్ది” అన్నారు. ఆయన చెప్పినట్లుగా, రేకును దాని కాగితంతో సహా కత్తెరతో కోసి, మెత్తని వెడల్పు కుంచెను ఒకసారి చెంప మీద రాసుకొని, ఆ కాస్త జిడ్డుతో ముక్కను ఎత్తాలి.

జిగురు కోసం నూనెతో చేసిన గోల్డ్ సైజ్ వాడండి. దాన్ని గళ్ళలో పల్చగా పూసి వదిలేస్తే, పొడిగాలిలో మూడు నాలుగు గంటలకు పదునుకు వస్తుంది. మన దగ్గర వానాకాలంలో రాత్రంతా పట్టవచ్చు. పదును తెలుసుకోవడానికి వేలి కణుపును మెల్లగా ఆనించి తీయండి. తడి అంటకుండా, ‘టిక్’ అని చిన్న చప్పుడుతో వదిలితే అదే సమయం. తడి అంటితే రేకు మునిగి మెరుపు పోతుంది. చప్పుడు రాకపోతే రేకు పట్టదు. అంటించిన గంట తరువాత దూదితో ఒకే దిశలో రాయండి. మిగులు రేకు రాలిపోతుంది, ఎర్రగీత మళ్ళీ బయటపడుతుంది. ఈ పలకను తిరిగి కాల్చకూడదు, తడిగుడ్డతో తుడవకూడదు. అసలు పాత్రల మీద కూడా అన్నిటికంటే ముందు అరిగిపోయినది బంగారమే. చాలావాటి మీద ఇప్పుడు మిగిలినవి ఖాళీ గళ్ళు, వాటి చుట్టూ ఎర్రగీతలు.

ఎంత బంగారం పెట్టాలి అన్నదానికి కొలత చెప్పలేను గాని, పళ్ళాన్ని కిటికీ దగ్గర నిలబెట్టి, కళ్ళు సగం మూసి చూసినప్పుడు బంగారం కంటే ముందు నీలం కనిపించాలి. కాంతివలయాలు, చేతి పట్టీలు, జీను మీద రెండు చుక్కలు, అంచున ఒక సన్నని గీత చాలునని నా అభిప్రాయం. పెళ్ళి చీర జరీలాగా అంచంతా నింపితే గుర్రాలు కనిపించవు.

ఒక చిన్న పని మొదటి విడతలోనే చేసుకోవాలి కాని, మరచిపోయేవారు ఎక్కువ కనుక ఇక్కడ చెబుతున్నాను. అబూ జైద్ తన పాత్రల మీద పేరు, నెల, సంవత్సరం రాసుకొన్నాడు. ఆ కాలపు పాత్రల వరుసను ఈనాడు లెక్కకట్టగలగడానికి అలాంటి రాతలే ఆధారం. మీరూ పళ్ళెం వెనుక, కాలు వలయం లోపల, పంచదార నలుపుతో మీ పేరు, విశాఖపట్నం, సంవత్సరం తెలుగులో రాసి మొదటి కాల్పులో కాల్చేయండి. అప్పుడు మరచిపోయినవారు ఎర్రరంగుతో రాసి రెండో విడతకు కలపవచ్చు. అదీ దాటిపోతే బ్రైట్ గోల్డ్‌తోనే రాసి, చివరి కాల్పులో పళ్ళాన్ని మూడు కాళ్ళ ముక్కాలి మీద ఎత్తి పెట్టాలి; లేకపోతే పేరు కిల్న్ పలకకు అంటుకొని ఉండిపోతుంది.